డ్రాఫ్ట్‌కి ముందు కాలేజీ రన్నింగ్ బ్యాక్‌లని పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

ఏప్రిల్ నెలాఖర్లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్ళని రౌండ్ల వారీగా వంతులేసుకుని ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్) అంటే ఫిబ్రవరి నుంచే ర్యాంకింగ్స్ ఊదరగొట్టేస్తారు, ఒకరు ఫలానా కుర్రాడే నంబర్ వన్ అంటారు, ఇంకొకరు అదే కుర్రాడు మూడో రౌండ్‌కి కూడా ఎక్కువే అంటారు, అమెరికాలో ఆఫీసు ఫాంటసీ లీగ్ ఆడే మనవాళ్ళు చాలామంది ఆ లిస్టుల్లో ఏదో ఒకటి పట్టుకుని కళ్ళు మూసుకుని పిక్ చేసేస్తారు. అలా కాకుండా మీ అంతట మీరే ఇద్దరు ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లని (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళని) చూసి వీడు ఎందుకు మేలు అని చెప్పగలగాలంటే ఏం చేయాలో చెప్తా. పెద్ద కష్టమేం కాదు గానీ ఓపిక కావాలి, ఒక ఖాళీ షీట్ కావాలి.

ముందు ఒక్క విషయం బాగా మనసులో పెట్టుకోండి, మిగతా స్టెప్పులన్నీ దీని మీదే నడుస్తాయి. రన్నింగ్ బ్యాక్ ఖాతాలో పడే యార్డ్స్‌లో (గజాల్లో) కొన్ని ముందున్న లైన్ (డిఫెండర్లని అడ్డుకుని దారి చేసే వరస) తెరిచి పెట్టినవి, కొన్ని అతను సొంతంగా సంపాదించుకున్నవి. ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళేటప్పుడు ఆ కాలేజీ లైన్ వెంట రాదు కదా, కాబట్టి సొంత సంపాదన ఎంతో వేరు చేసి చూడ్డమే మన పని.

2012 డ్రాఫ్ట్ చూడండి. అలబామా నుంచి వచ్చిన ట్రెంట్ రిచర్డ్‌సన్ కోసం క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ నాలుగో పిక్ నుంచి మూడుకి ఎగబాకి మరీ తీసుకున్నారు. కాలేజీలో అతని ముందు బ్లాక్ చేసిన లైన్‌లో చాన్స్ వార్మాక్, డీజే ఫ్లూకర్ ఉన్నారు, ఆ ఇద్దరూ మరుసటి ఏడాదే ఫస్ట్ రౌండ్‌లో పోయారు. అదే 2012లో ఆరో రౌండ్‌లో 173వ పిక్‌గా వాషింగ్టన్ తీసుకున్న ఆల్ఫ్రెడ్ మోరిస్ వచ్చింది ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, ఆ టీమ్ ముందు సీజన్లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. మొదటి ఏడాది రిచర్డ్‌సన్ క్యారీకి (బంతి మోసిన ఒక్కో పరుగుకి) 3.6 చొప్పున 950 యార్డ్స్ కొట్టాడు, మోరిస్ 1,613 కొట్టాడు. రిచర్డ్‌సన్‌ని రెండో సీజన్ మొదట్లోనే కోల్ట్స్‌కి ట్రేడ్ చేసేశారు. వాషింగ్టన్‌లో కోచ్ మైక్ షానహన్ జోన్ స్కీమ్ (లైన్ అడ్డుకునే ఒక పద్ధతి), పక్కన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్ చేసేవాడు) రాబర్ట్ గ్రిఫిన్ పరుగుకి భయపడే డిఫెన్సులు, ఇవన్నీ మోరిస్‌కి కలిసొచ్చాయి, అదీ నిజమే. అంటే ప్రొఫెషనల్స్‌లో కూడా కొంత పక్కవాళ్ళు ఇచ్చిందే ఉంటుంది, అందుకే కాలేజీ యార్డ్స్ లెక్క చూసి ర్యాంక్ వేసేస్తే అడుగు తప్పుతుంది.

స్టెప్ 1: పోల్చదగ్గ జంటని ఎంచుకోండి

పదిమందిని ఒకేసారి ముందేసుకోకండి, ఏదీ తేలదు. ఇద్దరితో మొదలుపెట్టండి, వీలైతే ఒకే టీమ్‌లో ఆడిన ఇద్దరు, ఎందుకంటే లైన్ ఒకటే, కోచ్ ఒకరే, ఎదురొచ్చిన డిఫెన్సులూ అవే, కాబట్టి తేడా కనిపిస్తే అది చాలావరకు ఆ కుర్రాళ్ళదే. 2018లో జార్జియా నుంచి సోనీ మిషెల్ 31వ పిక్, నిక్ చబ్ 35వ పిక్. 2025లో ఓహాయో స్టేట్ నుంచి క్విన్‌షాన్ జడ్‌కిన్స్ 36వ పిక్, ట్రెవేయాన్ హెండర్సన్ 38వ పిక్. నేర్చుకోవడానికి ఈ రెండో జంట కంటే మంచి కేసు ఈమధ్య రాలేదు, అందుకే మిగతా స్టెప్పుల్లో ఎక్కువగా వీళ్ళనే వాడతా. డ్రాఫ్ట్ అయిపోయిన జంటతో ఒకసారి ప్రాక్టీస్ చేసి, తర్వాత రాబోయే డ్రాఫ్ట్ కుర్రాళ్ళ మీదకి వెళ్ళండి.

స్టెప్ 2: అంకెలు రాసుకోండి, కానీ వాటిని విడగొట్టి చూడండి

2024 సీజన్లో జడ్‌కిన్స్ 194 క్యారీలకి 1,060 యార్డ్స్, హెండర్సన్ 144 క్యారీలకి 1,016 యార్డ్స్. క్యారీకి చూస్తే ఒకరికి 5.5, ఇంకొకరికి 7.1. ఇక్కడితో ఆపేస్తే హెండర్సనే గొప్ప అనేస్తాం. కానీ ఎండ్ జోన్ (బంతి చేరితే టచ్‌డౌన్, అంటే స్కోరు, వచ్చే చివరి భాగం) ముందు, గజం కావాల్సిన చోట బంతి ఎవరికి ఎక్కువ ఇచ్చారో చూడాలి, అక్కడ రెండు గజాలొచ్చినా అది టచ్‌డౌనే, సగటు మాత్రం కిందకి లాగేస్తుంది. జడ్‌కిన్స్‌కి 14 రషింగ్ టచ్‌డౌన్స్, హెండర్సన్‌కి 10.

ఇంకోటి, సగటుని ఒక్క పెద్ద పరుగు ఎంత మార్చేస్తుందో చూడండి. 2025 జనవరిలో నోటర్ డామ్ మీద జరిగిన నేషనల్ చాంపియన్‌షిప్ ఫైనల్లో జడ్‌కిన్స్ 11 క్యారీలకి సరిగ్గా 100 యార్డ్స్ కొట్టాడు, వినడానికి అదిరిపోయింది, అందులో ఒక్క పరుగే 70. అది తీసేస్తే మిగిలిన 10 క్యారీలకి 30 యార్డ్స్. అలాగని ఆ 70 ఉత్తిదే అని కాదు, ఫైనల్లో అలాంటి పరుగు తీయగలగడమూ ఒక గుణమే, కాకపోతే రెండు అంకెలూ మీ షీట్‌లో విడివిడిగా ఉండాలి. ప్రతి కుర్రాడికీ మొత్తం సగటు ఒకటి, అతని అతిపెద్ద పరుగులు రెండో మూడో తీసేసిన సగటు ఒకటి రాసుకోండి.

టైముంటే సక్సెస్ రేట్ కూడా లెక్కేయండి (పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కో ప్రయత్నం ఒక డౌన్): ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన యార్డ్స్‌లో సగం వస్తే పాస్, సెకండ్ డౌన్‌లో 70 శాతం, థర్డ్ డౌన్ ఫోర్త్ డౌన్ అయితే మొత్తం రావాలి. ప్రతి క్యారీకీ టిక్కో ఇంటో పెట్టుకుంటూ పోవడమే.

వేర్వేరు కాలాల రికార్డులు పోల్చేటప్పుడు మ్యాచ్‌ల సంఖ్య చూడకుండా నోరు జారకండి. బాయిసీ స్టేట్ ఆష్టన్ జెంటీ 2024లో 2,601 యార్డ్స్ కొట్టి బ్యారీ సాండర్స్ 1988 నాటి 2,628కి దగ్గరగా వచ్చాడు, గొప్ప సీజనే, రైడర్స్ ఆరో పిక్‌కి తీసుకున్నారు కూడా. కానీ సాండర్స్ అది 11 మ్యాచ్‌ల్లో చేశాడు, అప్పట్లో బౌల్ గేమ్ (సీజన్ అయ్యాక ఆడే మ్యాచ్) అంకెలు లెక్కలో కలిపేవాళ్ళే కాదు. జెంటీ ఆడింది 14.

ముఖ్యంగా సీజన్ సీజన్‌కి తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతకండి. జడ్‌కిన్స్ ఓల్ మిస్‌లో 2022లో 274 క్యారీలకి 1,567, మరుసటి ఏడాది దాదాపు అన్నే క్యారీలకి, 271కి, 1,158. మనిషి అతనే. ఓహాయో స్టేట్‌లో కూడా 2024 సీజన్ మధ్యలో లైన్‌లో ఎడమ చివరుండే లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ గాయంతో బయటికెళ్ళిపోయాడు, గార్డ్ డానవన్ జాక్సన్‌ని అక్కడికి జరిపారు, నవంబర్లో సెంటర్ సేత్ మెక్‌లాఫ్లిన్ కూడా పోయాడు. కాబట్టి అక్టోబర్‌కి ముందు మ్యాచ్‌లూ తర్వాత మ్యాచ్‌లూ ఒకే గంపలో వేయకండి. లైన్ చెదిరిన తర్వాత కూడా పరుగు తగ్గనివాడికి నా షీట్‌లో ఎప్పుడూ ఎక్కువ మార్కులే.

స్టెప్ 3: ఫిల్మ్ చూడండి, అసలు పని ఇదే

హైలైట్స్ వద్దు. హైలైట్స్‌లో అందరూ హీరోలే. కుర్రాడికి మూడు మ్యాచ్‌లు తీసుకోండి, గట్టి డిఫెన్స్ మీద రెండు, మామూలు టీమ్ మీద ఒకటి, వాటిలో ప్రతి క్యారీ చూడండి, గజం వచ్చినదీ, వెనక్కి పోయినదీ కూడా. చూసే పద్ధతి ఏంటంటే, స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు పాజ్ చేసి బాక్స్‌లో (లైన్‌కి ఎదురుగా దగ్గరలో ఉండే చోట) ఎంతమంది డిఫెండర్లున్నారో లెక్కపెట్టండి. ఆరుగురుంటే పరుగుకి దారి ఎక్కువ, ఎనిమిది మందిని కుక్కేస్తే ఆ క్యారీలో నాలుగు గజాలొచ్చినా మెచ్చుకోవాల్సిందే. తర్వాత బంతి చేతికి అందగానే ఇంకోసారి పాజ్ చేసి, దారి ఎక్కడుంది మీరైతే ఎటు వెళ్తారు అని అనుకుని, అప్పుడు ప్లే చేయండి. ఇరవై ముప్పై క్యారీలు ఇలా చూశారంటే ఎవరి కళ్ళు పనిచేస్తున్నాయో, ఎవరు గీసిన గీత మీద గుడ్డిగా పరిగెడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

ఈ కళ్ళ విషయంలో లేవియాన్ బెల్‌ని గుర్తు చేసుకోవాలి. 2013లో మిచిగన్ స్టేట్ నుంచి 48వ పిక్‌గా స్టీలర్స్‌కి వచ్చాడు, 40 యార్డ్స్ 4.60 సెకన్లలో పరిగెత్తాడు, అంటే మెరుపు వేగమేం కాదు. కానీ బంతి అందాక లైన్ వెనక దాదాపు ఆగిపోయినట్టు నడిచి, బ్లాక్ కుదిరాక ఆ సందులోంచి దూరేవాడు. అలా ఆగడం అందరికీ నప్పదు, ఆగి ఆగి అక్కడే దొరికిపోయేవాళ్ళే ఎక్కువ. అందుకే ఆగినప్పుడు ఎన్నిసార్లు లాభం వచ్చింది ఎన్నిసార్లు నష్టం వచ్చింది అని రాసుకోండి.

తర్వాత చూడాల్సింది తాకిడి. మొదటి డిఫెండర్ చెయ్యి పడ్డాక ఏమైంది? కబడ్డీలో కాలు దొరికిపోయినా ముగ్గుర్ని మీదేసుకుని గీత దాకా పాక్కుంటూ వచ్చే రైడర్ ఉంటాడు చూడండి, అలాంటి బ్యాలెన్స్ ఉన్నవాడు ఎన్ఎఫ్ఎల్‌లో బతుకుతాడు, ఎందుకంటే అక్కడ ముట్టుకోకుండా వదిలేసే క్యారీలు చాలా తక్కువ. దీన్నే యార్డ్స్ ఆఫ్టర్ కాంటాక్ట్ అని లెక్కగడతారు, ఆ అంకె ఎక్కడైనా దొరికితే షీట్‌లో వేసుకోండి గానీ, మీ కళ్ళతో చూసి వేసిన మార్కే ముందు. ఎవరు తాకారో కూడా చూడాలి, తేలికగా ఉండే కార్నర్‌బ్యాక్‌ని గుద్దుకుంటూ వెళ్ళడం వేరు, బరువైన లైన్‌బ్యాకర్ నుంచి విడిపించుకోవడం వేరు.

నాకు అన్నింటికంటే నచ్చే క్యారీ హైలైట్స్‌లో ఎప్పుడూ రాదు. లైన్ పూర్తిగా ఫెయిలై, లైన్ వెనకే ఒక డిఫెండర్ ఎదురైనప్పుడు, మూడు గజాలు పోవాల్సింది ఒక గజం తెచ్చే పరుగు. స్కోర్‌బోర్డు మీద అది ఒక గజమే, నిజానికి నాలుగు. అవి లెక్కపెట్టండి, కాలేజీలో పేలవమైన టీమ్‌లో ఆడిన కుర్రాళ్ళ విలువ ఇక్కడే బయటపడుతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: గ్రౌండ్ మధ్యలో ఉండే హాష్ మార్కులు. కాలేజీలో ఆ రెండు వరసల మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు, గ్రౌండ్ వెడల్పు మాత్రం రెండు చోట్లా 160 అడుగులే. అందువల్ల కాలేజీలో బంతి ఒక హాష్ మీదుంటే అవతలి పక్క 100 అడుగుల ఖాళీ ఉంటుంది, ఎన్ఎఫ్ఎల్‌లో అది 89కి పడిపోతుంది. కాలేజీలో అంచు చుట్టి వెళ్ళే పరుగులతోనే యార్డ్స్ సంపాదించిన స్పీడ్ కుర్రాడికి ఈ పదకొండు అడుగులు చాలా పెద్ద తేడా. కాబట్టి వెడల్పు వైపు బయటికి తిప్పిన పరుగులు వేరే కాలమ్‌లో రాసి, టాకిల్స్ (లైన్ రెండు చివర్లవాళ్ళ) మధ్యలోంచి దూరినవి వేరే రాయండి.

స్టెప్ 4: బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నాడు

రూకీలు (మొదటి ఏడాది ఆటగాళ్ళు) బెంచ్ మీద కూర్చోవడానికి పెద్ద కారణం పరుగు రాకపోవడం కాదు, బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదకి అదనపు డిఫెండర్లు దూసుకురావడం) ఆపలేకపోవడం. కోట్లు పోసి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్‌ని కొట్టించే కుర్రాణ్ణి ఏ కోచ్ థర్డ్ డౌన్‌లో దింపడు. అందుకని ఫిల్మ్‌లో థర్డ్ డౌన్ పాస్ ప్లేలు మాత్రమే ఒకసారి మళ్ళీ తిప్పండి. మొదటి ప్రశ్న: అసలు ఆ డౌన్‌లో అతను గ్రౌండ్‌లో ఉన్నాడా? లేకపోతే కాలేజీ కోచే నమ్మలేదన్నమాట. ఉంటే, స్నాప్ కాగానే లోపలి వైపు నుంచి వచ్చే రషర్‌ని ముందు చూస్తున్నాడా, ఎదురెళ్ళి ఛాతీతో ఆపుతున్నాడా, లేక కాళ్ళ మీద పడిపోయి వదిలేస్తున్నాడా చూడండి. హెండర్సన్ పేరు డ్రాఫ్ట్ ముందు అంత గట్టిగా వినపడడానికి ఇదొక ముఖ్య కారణం, తనకంటే పెద్ద మనుషులకి ఎదురెళ్ళి ఆపేవాడు. నోటర్ డామ్ కైరెన్ విలియమ్స్ కూడా అంతే, 4.65 టైమ్ చూసి 2022లో ఐదో రౌండ్ దాకా, 164వ పిక్ దాకా జారిపోనిచ్చారు, రామ్స్‌లో 2023లో 1,144 యార్డ్స్ కొట్టాడు, అదీ 12 మ్యాచ్‌ల్లోనే.

క్యాచింగ్ కూడా ఇక్కడే చూసేయండి. క్యాచ్‌ల సంఖ్య ఒక్కటే చాలదు, 2024లో హెండర్సన్‌కి 27, జడ్‌కిన్స్‌కి 22, పెద్ద తేడా కనపడదు. ఎలాంటి పాస్ అనేది చూడాలి. టెక్సస్ మీద కాటన్ బౌల్‌లో ఫస్ట్ హాఫ్ చివరి సెకన్లలో హెండర్సన్ ఒక స్క్రీన్ పాస్ (లైన్ వెనకే ఇచ్చే పొట్టి పాస్) పట్టుకుని 75 యార్డ్స్ తీసుకెళ్ళి టచ్‌డౌన్ చేశాడు, మామూలు బ్యాక్‌కి అది పది గజాల ప్లే.

స్టెప్ 5: కంబైన్ అంకెలు చివర్లో, బరువుతో కలిపి

ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ (డ్రాఫ్ట్ కుర్రాళ్ళకి పెట్టే శారీరక పరీక్షలు) జరుగుతుంది, 40 యార్డ్స్ టైమ్ కోసం జనం ఊగిపోతారు. ఫిల్మ్ మార్కులు వేసేశాకే దీని జోలికెళ్ళండి, ముందే చూస్తే ఆ అంకె మీ కళ్ళకి అద్దాలు పెట్టేస్తుంది. మార్చిలో కాలేజీల్లో జరిగే ప్రో డే టైమ్‌లు చేతి గడియారంతో తీసినవైతే కొంచెం తక్కువ వస్తుంటాయి, వాటిని కంబైన్ టైమ్‌లతో కలిపి ఒకే కాలమ్‌లో వేయకండి.

టైమ్ ఒక్కటే చూస్తే తేలిక మనుషులే ముందుంటారు, అందుకే బరువు కలపాలి. బిల్ బార్న్‌వెల్ తెచ్చిన స్పీడ్ స్కోర్ అనే లెక్క సులువు: బరువుని పౌండ్లలో తీసుకుని 200తో గుణించండి, వచ్చినదాన్ని 40 టైమ్ నాలుగో ఘాతంతో (టైమ్ × టైమ్ × టైమ్ × టైమ్) భాగించండి. వంద చుట్టుపక్కల వస్తే డ్రాఫ్ట్ స్థాయికి మామూలు. హెండర్సన్ 202 పౌండ్లు, 4.43 సెకన్లు, స్కోర్ దాదాపు 105. జడ్‌కిన్స్ 221 పౌండ్లు, 4.48, స్కోర్ 110 దగ్గర. చూశారా, టైమ్‌లో వెనకబడ్డవాడు ఇక్కడ ముందుకొచ్చాడు. 2018లో సేక్వాన్ బార్క్‌లీ 233 పౌండ్లతో 4.40 పరిగెత్తాడు, అతనిది 124, అందుకే అంత గోల.

కానీ దీన్ని జల్లెడలా వాడకండి. 2024లో ఆరిగన్ బకీ ఇర్వింగ్ 192 పౌండ్లు, 4.55, స్కోర్ 90 కూడా రాదు, నాలుగో రౌండ్‌లో 125వ పిక్‌గా పోయాడు, టాంపాలో మొదటి సీజన్లోనే 1,122 యార్డ్స్. అతని ఫిల్మ్ చూసినవాళ్ళకి అది వింత కాదు, ఒక్క అడుగులో దిశ మార్చి మొదటి మనిషిని తప్పించేవాడు. ఫిల్మ్‌కీ స్కోర్‌కీ పొంతన లేనప్పుడు నేను ఫిల్మ్ వైపే ఉంటా, కాకపోతే ఇంకో రెండు మ్యాచ్‌లు చూసి నిర్ధారించుకుంటా.

స్టెప్ 6: శరీరం మీద పడిన బరువు

మొత్తం కాలేజీ క్యారీలు కూడండి. జడ్‌కిన్స్‌వి మూడేళ్ళలో 739, హెండర్సన్‌వి నాలుగేళ్ళలో 590, మొత్తం యార్డ్స్ మాత్రం 3,785, 3,761, పక్కపక్కనే. ఎక్కువ క్యారీలు రెండు రకాలుగా చదవచ్చు, దెబ్బలు ఎక్కువ తిన్నాడనీ, అంత మోసినా నిలబడ్డాడనీ. తక్కువ క్యారీలున్న కుర్రాణ్ణి మాత్రం అందుకే తీసేయకండి, ఆల్విన్ కమారా టెనెసీలో రెండు సీజన్లకి కలిపి మోసింది 210 క్యారీలే, 2017లో 67వ పిక్, ఆ ఏడాదే ఆఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్.

మోకాలి గాయాల దగ్గర మనకి కనపడేది చాలా తక్కువ, మెడికల్ రిపోర్టులు టీమ్‌ల దగ్గరే ఉంటాయి. ఫ్రాంక్ గోర్ మయామీ కాలేజీలో రెండు మోకాళ్ళకీ ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగి మూడో రౌండ్‌లో వచ్చి 16,000 యార్డ్స్ కొట్టాడు, నిక్ చబ్ 2015లో మోకాలు పోగొట్టుకుని కూడా నాలుగుసార్లు ప్రో బౌల్‌కి (ఏటా మేటి ఆటగాళ్ళకిచ్చే గుర్తింపు) ఎంపికయ్యాడు. ఇటు జోనథన్ బ్రూక్స్ 2023 నవంబర్లో ఏసీఎల్ తెగినా 2024లో అందరికంటే ముందు పోయిన రన్నింగ్ బ్యాక్, 46వ పిక్, ఆ డిసెంబర్లోనే అదే మోకాలు మళ్ళీ తెగింది. కాబట్టి గాయం అయ్యాక ఆడిన మ్యాచ్‌లుంటే వాటిని విడిగా చూడండి, మునుపటి అడుగు ఉందా లేదా అని. గాయం తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా డ్రాఫ్ట్‌కి వచ్చేవాణ్ణి షీట్‌లో ఒక మెట్టు కిందకి దించి పెట్టండి, ఎంత నచ్చినా సరే.

స్టెప్ 7: షీట్ మూసేసి, డ్రాఫ్ట్ చూడండి

ఇప్పుడు ఒకటి రెండు మూడు అని ర్యాంక్ వేయకండి, మెట్లుగా పెట్టుకోండి: మూడు డౌన్లూ ఆడగలిగినవాళ్ళు, మొదటి రెండు డౌన్లకి పనికొచ్చేవాళ్ళు, పాస్ డౌన్ల మనుషులు. ఓహాయో స్టేట్ జంట విషయంలో నా లెక్క ప్రకారం మధ్యలోంచి దూరి రోజుకి ఇరవై క్యారీలు మోయించుకోవాలనుకునే టీమ్‌కి జడ్‌కిన్స్, పంచుకుని ఆడించే టీమ్‌కి, థర్డ్ డౌన్ నమ్మకంగా అప్పజెప్పాలనుకునే టీమ్‌కి హెండర్సన్. ఇద్దరూ ఒకే మెట్టు, పనులు వేరు. ప్రతి పేరు పక్కనా ఎందుకో ఒక్క వాక్యం రాయండి, తేదీ వేయండి, డ్రాఫ్ట్ మొదలయ్యాక దాన్ని దిద్దకండి.

ఇండియా నుంచి చూసేవాళ్ళకి టైమింగ్: ఫస్ట్ రౌండ్ అమెరికా ఈస్టర్న్ టైమ్ గురువారం రాత్రి 8కి, మనకి శుక్రవారం పొద్దున 5:30. రెండు మూడు రౌండ్లు మనకి శనివారం తెల్లవారుజామున 4:30కి మొదలు, మంచి రన్నింగ్ బ్యాక్‌లు చాలామంది పోయేది అప్పుడే, నిద్ర మానుకోవాల్సింది ఆ రోజుకి. నాలుగు నుంచి ఏడు రౌండ్లు శనివారం రాత్రి 9:30 నుంచి. మోరిస్, ఇర్వింగ్, విలియమ్స్ వీళ్ళంతా ఆ చివరి రోజు సరుకే. మీ షీట్‌లో పై మెట్టులో ఉండి కూడా అప్పటిదాకా మిగిలిపోయిన పేరు ఏదైనా ఉంటే, ఏ టీమ్ పిలిచిందో, అక్కడ ముందు నుంచి ఉన్న బ్యాక్ కాంట్రాక్ట్ ఎప్పటితో అయిపోతుందో చూసి, ఫాంటసీ లీగ్‌లో మీ చివరి పిక్కులు అతని కోసం ఆపుకోండి.